నడుమ కూర్చున్న పిల్ల

మొన్న ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. కర్నూలులో నేను ముప్పై మూడేళ్లు పియానో నేర్పిన బడిలోనే ఈమధ్య చేరిందట. మ్యూజిక్ రూమ్ బీరువాలో నా చేతిరాత కాగితాలు దొరికాయట. "సార్, ఒకే పియానో మీద ముగ్గురు కలిసి వాయించేది ఒకటుంది గదా. దాన్ని ఈ ఏడు వార్షికోత్సవంలో పెట్టాలనుకుంటున్నా. మన జనం వింటారా సార్? ఎట్లా తీసుకుంటారు?" అని అడిగింది.

"రాసి పంపుతానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. మంచి ప్రశ్నే అడిగింది. కానీ దానికి సరైన జవాబు చెప్పాలంటే నేను తలెత్తుకోలేని సంగతి ఒకటి బయటపెట్టాలి. అది దాచి, బల్ల ఇంత ఎత్తుండాలి, పిల్లల గోళ్లు ఇంత కత్తిరించాలి అని సలహాలు మాత్రం రాస్తే, పెద్దమనిషి వేషం ఇంకోసారి వేసినట్టే. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి. ఇంక ఆ వేషం మోయలేను.

కాబట్టి అమ్మా, ఇందులో ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్లు ఉండవు. అవి ఆఫీసు గుమస్తాకు నాకంటే బాగా తెలుసు.

ఎలుకలు, ఎండలు, మొహాలు

మన సీమలో పియానో మాస్టరు బతుకు సగం ఎలుకలతో, సగం ఎండతో గడుస్తుంది. లోపలి ఉన్నిగుడ్డను ఎలుకలు కొరికేస్తాయి. ఏప్రిల్ వచ్చిందంటే లోపలి చెక్క ఎండి పగులుతుంది. శ్రుతి చేసే మనిషి మద్రాసు నుంచి ఏడాదికొకసారి వస్తే గొప్ప. అందుకని పియానో అడుగున పెద్ద గిన్నెలో నీళ్లు పెట్టి, రోజూ పొద్దున నింపాలి. వానాకాలంలో తీసెయ్యాలి. లేకపోతే మీటలు ఉబ్బి, నొక్కినవి నొక్కినట్టే ఉండిపోతాయి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నాకు చెప్పినవాళ్లూ లేరు. రెండు మీటలు పాడు చేసుకుని నేర్చుకున్నాను.

ఇది పని. అసలు ఉద్యోగం వేరే ఉంది. వినేవాళ్లను చూడటం.

చేరిన కొత్తలో నేను ప్రతి కచేరీకి ముందు పావుగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఐరోపా, నూట యాభై ఏళ్ల కిందటి సంగతులు, ఆ సంగీతంలో మనసు ఎట్లా పొంగుతుందో అదంతా. జనం ఆవులించేవాళ్లు. ఒకసారి ముందు వరసలో ఒకాయన గురక పెట్టాడు. అప్పటికి బుద్ధొచ్చి ఉపన్యాసం మానేసి, పిల్లలు వాయిస్తున్నప్పుడు పియానోకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాను. వాయించేది నాకు ఎలాగూ తెలుసు. మొహాలే తెలియవు. కచేరీ అయ్యాక ఓ పదిమందిని పట్టుకుని "ఏం వినపడింది?" అని అడిగేవాణ్ణి. "బాగుందా?" అని అడగకూడదమ్మా. అట్లా అడిగితే అందరూ బాగుందనే అంటారు.

తలూపేవాళ్లను నమ్మవద్దు. ఊళ్లో పేరున్న డాక్టరొకాయన ప్రతిసారీ కళ్లు మూసుకుని తలూపేవాడు. ఆగి మళ్లీ మొదలయ్యే చోట కూడా ఊపుతూనే ఉండేవాడు. ఏమీ తెలియదని ముందే ఒప్పుకునేవాళ్లే బాగా వింటారు. ఇది నేను గట్టిగా చెప్పగలను.

ఒకే బల్ల మీద ముగ్గురు

నూట యాభై ఏళ్ల కిందట ఐరోపాలో రేడియోలు లేవు. ఇళ్లలో పియానో ఉండేది, చుట్టాలు ఉండేవాళ్లు. అందుకని ఇద్దరు ముగ్గురు ఒకే పియానో ముందు ఇరుక్కుని కూర్చుని వాయించుకునేందుకు ఎన్నో రాశారు. కుడివైపు కూర్చున్నవాళ్లకు సన్నని స్వరాలు, ఎడమవైపు వాళ్లకు లోతైన స్వరాలు. నడుమ కూర్చున్నవాళ్లకు మిగిలినది. నడుమ పిల్లకు మోచేతులు కదిలించడానికి చోటుండదు. పేరొచ్చే వరసలు దాదాపు ఉండవు. స్వరం ఆగకుండా పట్టి ఉంచే పెడల్ మాత్రం దాని కాలి కిందే ఉంటుంది. అంటే అందరి ఊపిరీ దాని కాలి కింద ఉన్నట్టు లెక్క.

నేను ఎంచుకున్నదానిలో ఒక విశేషముంది. మధ్యలో నెమ్మదిగా నడిచే భాగంలో పాట నడుమ పిల్ల చేతికి వస్తుంది. కుడిపక్క పిల్ల ఎడమ చెయ్యి పైకెత్తాలి. దాని కిందుగా నడుమ పిల్ల కుడి చెయ్యి దూరి, ఆ పిల్ల ఒడి ముందు నుంచి పోయి ఆ పాట ఎత్తుకోవాలి. మోచేయి మోచేయికి తగలకుండా అది కుదరదు.

నా ముగ్గురు పిల్లలూ తొమ్మిదో తరగతి. కుడివైపు హరిత. వాళ్ల నాయన గోవిందప్ప పెద్ద రైతు, ఊళ్లో నూనె మిల్లు కూడా ఉంది. మా హాలులో ఫ్యాన్లన్నీ ఆయన ఇచ్చినవే. ఎడమవైపు షెహనాజ్. టైలరు కూతురు, నోరున్న పిల్ల. నడుమ ఓబుళమ్మ.

ఓబుళమ్మది కోడుమూరు దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. ఊరి బయటి వాడ. ఆ పిల్ల మా హాస్టల్లో ఉండేది. ఒకరోజు మ్యూజిక్ రూమ్ బయట నిలబడి, కిటికీ చెక్క మీద వేళ్లతో తాళం వేస్తుంటే చూశాను. లోపలికి పిలిచాను. ఏడాది తిరిగేసరికి, ఆరేళ్ల నుంచి నేర్చుకుంటున్న హరితను అందుకుంది. సెలవుల్లో వేరుశనక్కాయలు కోసి వచ్చిన చేతులవి. మీట మీద పడితే మాత్రం దూది పడినట్టుండేది. నడుమ భాగానికి కావలసింది అదే. గట్టిగా వాయించేవాళ్లు చాలామంది దొరుకుతారు. పక్కవాళ్లను వింటూ వాయించేవాళ్లు దొరకరు.

ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. హరిత మణికట్టు కిందికి జారితే నేను పెన్సిలుతో ఎత్తేవాణ్ణి. ఓబుళమ్మ మణికట్టు జారితే వేలితో ఎత్తేవాణ్ణి. ఎందుకో నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. నేను పుట్టింది కూడా ఓబుళమ్మ వాడలాంటి వాడలోనే. మా తాత ఊరి హోటలు బయట కొబ్బరి చిప్పలో టీ తాగిన మనిషి. మిషను బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని మా నాన్న, పియానో నేర్చుకుని నేను ఇంత దూరం వచ్చాం. కోటు తొడుక్కుని పియానో పక్కన నిలబడితే జనం నా కోటునే చూసేవాళ్లు. ఆ కోటు జారిపోతుందేమోనని లోపల ఎప్పుడూ ఒక భయం.

మొదటిసారి

కర్నూలులో, మా హాలులోనే పెట్టాం. హాలు నిండింది. నేను ఎప్పటిలాగే జనం వైపు తిరిగి కూర్చున్నాను.

టీచరమ్మా, నువ్వడిగినదానికి ఇదే జవాబు. మొదట మనవాళ్లు వినరు, చూస్తారు. ముగ్గురు పిల్లలు ఒక బల్ల మీద ఇరుక్కుంటుంటే నవ్వారు. ఆరు చేతులు ఒక్కసారి కదిలేసరికి ఆ నవ్వు పోయింది. ఒక ముసలాయన పక్కాయనతో "మూడు జతల ఎద్దుల్ని ఒక మడకకు కట్టినట్టుండాదప్పా" అన్నాడు. నాకు భలే నచ్చింది ఆ మాట. చేతి మీదుగా చెయ్యి పోతే ఎవరో చప్పట్లు కొట్టారు. నెమ్మది భాగం మొదలవగానే దగ్గులు, కుర్చీల కిరకిరలు. మన దగ్గర నెమ్మది భాగమంటే అంతే, నీళ్లు తాగే సమయం.

తర్వాత పాట నడుమకు వచ్చింది. ఓబుళమ్మ ఎత్తుకుంది. దగ్గులు ఆగాయి. ఎవరూ ఆపమనలేదు. ఒళ్లో బిడ్డను జో కొడుతున్న ఒకామె చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. ముప్పై మూడేళ్లలో అట్లాంటి నిశ్శబ్దం నేను నాలుగైదుసార్లకు మించి చూడలేదు. ఆ నిశ్శబ్దంలోనే ముందు వరసలో గోవిందప్ప మొహం కూడా చూశాను. ఆయన వినడం లేదు. తన కూతురి ఒడి ముందు ఉన్న చెయ్యిని చూస్తున్నాడు.

అయిపోయాక ఓబుళమ్మ తల్లి సుంకమ్మ వెనక గోడ దగ్గర నుంచి వచ్చింది. నన్ను చూసి చెప్పులు విడిచింది. వద్దమ్మా అన్నా వినలేదు.

"సార్, యెనకల కూర్చున్యా. ఈ తట్టు కూర్చున్య పొడుగు పాప అడ్డముండె, నా బిడ్డ కనపల్లేదు. ఐనా తెలిసిపాయ. నడుమ నుంచి మెల్లగ వస్తాండె జూడు, ఆ సప్పుడు నా బిడ్డదే గదా?"

"అదే అమ్మా. ఎట్లా తెలిసింది?"

"అది మాట్లాడేది గూడా అట్లనే సార్. ఎవురికీ అడ్డం రాకుండా."

నా ఉద్యోగమంతటిలో వినేవాళ్ల దగ్గర నుంచి వచ్చిన మాటల్లో ఇంతకు మించినది లేదు. కానీ ఆరోజు నేను దాన్ని చెవిన వేసుకోలేదు. ఎందుకంటే అటు పక్క గోవిందప్ప నాకోసం నిలబడి ఉన్నాడు.

కొంచెం చూడు

"ఏమప్పా మాస్టరూ, పాట శానా బాగుండాది. మా పాప చేతులు చూస్తాంటే కండ్లు సాలలేదు" అన్నాడు గోవిందప్ప.

"సంతోషం సార్."

"ఆ నడుమ పిల్ల యాడిది?"

"కోడుమూరు దగ్గర పల్లె సార్. హాస్టల్లో ఉంటుంది."

"అది తెలుసులే. నేను అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి" అని నవ్వాడు. మంచిగానే నవ్వాడు. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు. "ఆ పిల్ల చెయ్యి మాటిమాటికీ మా పాప ఒళ్లో పడ్తాండాది. చూసేకి బాగలేదు. కడపలో మా చుట్టాలంతా వస్తారు. కొంచెం చూడు."

అంతే. తిట్టలేదు, బెదిరించలేదు, కులం పేరెత్తలేదు. కొంచెం చూడమన్నాడు. నెల తర్వాత కడపలో, మా సంస్థ వాళ్లదే ఇంకో బడిలో ఇదే కచేరీ ఉంది.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది. మంచి మనిషే. పిల్లలకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకునే మనిషి. "గోవిందప్ప గారు ఏదో అన్నారంట గదా మాస్టారూ. నేనేం చెప్పను. పిల్లలు మీ పిల్లలు, సంగీతం మీ సంగీతం. మీరే చూసుకోండి" అంది.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు చెప్తున్నాను. అరిచే పైఅధికారికి భయపడకండి. "మీరే చూసుకోండి" అనేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. అరిచేవాడి మాట కాదని బయటికి రావచ్చు. ఇక్కడ కాదనడానికి ఆజ్ఞే లేదు. తప్పు చేస్తే అది మొత్తం మనదే అవుతుంది. ఆవిడ తెలిసి అట్లా అందో, తెలియక అందో నాకు తెలియదు. ఆవిడ మీదికి నెట్టే ఉద్దేశం కూడా లేదు. నేను కాదని ఉంటే ఏమయ్యేది? ఫ్యాన్లు విప్పుకుని పోతాడా? హరితను మాన్పించేవాడేమో, అంతే. నా ఉద్యోగం పోయేది కాదు. నాకు ఆరోజే తెలుసు, పోదని.

ఇది రాయడానికి నాలుగుసార్లు కలం పక్కన పెట్టాను.

నేను చెప్పింది

సాయంత్రం ఓబుళమ్మను మ్యూజిక్ రూమ్‌కు రమ్మన్నాను. కిటికీ దగ్గర నిలబడి, ఆ పిల్ల వైపు చూడకుండా చెప్పాను.

"ఓబుళమ్మా, కడపకు నువ్వు రావద్దు. నీ చెయ్యి బరువు. ఈ సంగీతానికి తేలిక చెయ్యి కావాలి."

దూది పడినట్టుండే చెయ్యిని పట్టుకుని బరువన్నాను! ఆ పిల్ల రెండు చేతులూ తిప్పి చూసుకుంది, వెనకా ముందూ.

"ఇంగా బాగా సాధన చేస్తే తగ్గుతాదా సార్?"

"తగ్గదమ్మా. అది పుట్టుకతో వచ్చేది."

నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో చెప్పలేను. గోవిందప్ప అనకుండా మింగిన మాటను నేను అనేశాను. మా తాతకు చిప్పలో టీ పోసినవాళ్లు కూడా సరిగ్గా అదే మాట అని ఉంటారు. పెద్ద చదువు చదివి, ఆ మాటకే సంగీతం పులిమి, పద్నాలుగేళ్ల పిల్లకు తిరిగిచ్చాను. ఛీ!

రెండో రోజు తన నోట్స్ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టిపోయింది. ఏ స్వరానికి ఏ వేలు వేయాలో నేను పెన్సిలుతో రాసి ఇచ్చిన గుర్తులన్నీ రబ్బరుతో శుభ్రంగా చెరిపేసి ఉన్నాయి. లైబ్రరీ పుస్తకాలు అట్లా తిరిగివ్వాలని మా హాస్టల్లో నేర్పేవాళ్లు.

హరిత వచ్చి "ఓబుళమ్మను తీసెయ్యద్దు సార్. మేం ముగ్గురం ఒక డబ్బాలోనే తింటాం, మా నాయనకు మాత్రం చెప్పద్దు" అని ఏడ్చింది. షెహనాజ్ ఏడవలేదు. నా మొహం మీదే అడిగింది. "ఓబుళమ్మ చెయ్యి బరువేంది సార్? నాది గదా బరువు! రోజూ నన్నే గదా మీరు తిట్టేది?"

"పెద్దవాళ్ల విషయాలు నీకెందుకు, పో" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు.

కడపలో

మూడో మనిషిని వెతకడానికి మొహం చెల్లలేదు. నడుమ భాగం కత్తిరించి, ఉన్నంతలో ఇద్దరికీ పంచాను. నెమ్మది భాగంలోని పాటను హరితకు ఇచ్చాను. పెడల్ షెహనాజ్‌ను అందుకోమన్నాను.

బస్సులో పిల్లలిద్దరూ నాకు దూరంగా వెనక సీట్లో కూర్చున్నారు. కడపలో హాలు నిండింది. గోవిందప్ప చుట్టాలు ముందు వరసలో ఉన్నారు. "ఇద్దరే కదా, బల్ల మధ్యకు జరిగి దగ్గరగా కూర్చోండి" అని పిల్లలకు పదిసార్లు చెప్పాను. స్టేజీ ఎక్కి ఇద్దరూ రెండు చివర్లలో కూర్చున్నారు. నడుమ ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలేశారు. షెహనాజ్ కాలు చాపి పెడల్ అందుకోవాల్సి వచ్చింది.

జనం చప్పట్లు కొట్టారు. కర్నూలులో కంటే ఎక్కువే కొట్టారు. ఇది కూడా రాసుకో టీచరమ్మా. చప్పట్లను బట్టి ఏమీ తేల్చకూడదు. నెమ్మది భాగంలో దగ్గులు చివరి దాకా ఆగలేదు. అది నేనొక్కణ్ణే లెక్కపెట్టుకున్నాను.

అయిపోయాక ఎవరో ముసలావిడ వచ్చి "ఆ నడుమ పాప రాలేదా నాయనా?" అని అడిగింది. అంత చోటు వదిలితే ఎవరికైనా అనుమానం వస్తుంది.

"జ్వరమమ్మా" అన్నాను. అబద్ధానికి తోడు అబద్ధం.

ఓబుళమ్మ పదో తరగతి పూర్తి చేసి వెళ్లిపోయింది. ఆ ఏడాదంతా మ్యూజిక్ రూమ్ ముందు నుంచి కాకుండా మైదానం చుట్టూ తిరిగి హాస్టలుకు పోయేది. ఎండలో, అంత దూరం. నేను కిటికీలో నుంచి చూస్తూనే ఉన్నాను. పిలిచి నిజం చెప్పడానికి రోజూ అవకాశం ఉంది. చెప్పలేదు.

పత్తికొండ

పోయిన వేసవిలో పత్తికొండలో ఒక పెళ్లికి పోయి, కళ్లు తిరిగి కూలబడ్డాను. దగ్గరలోని ఆసుపత్రికి తీసుకుపోయారు. రక్తం తీయడానికి నర్సు వచ్చింది. పక్క మంచం మీద ముసలామె "భయపడాకప్పా, ఈయమ్మ చెయ్యి శానా తేలిక, పొడ్చింది గూడా తెలీదు" అంది. నిజంగానే తెలియలేదు.

"గుర్తుపట్నారా సార్?" అంది నర్సు. "ఓబుళమ్మను. పియానోకు బరువైన చెయ్యి సూదికి పనికొచ్చె, చూస్తిరా?"

నవ్వుతూనే అంది. ఎగతాళి ఏమీ లేదందులో. చుట్టూ ఉన్నవాళ్లను పిలిచి నన్ను చూపించింది. "మా పియానో సారు. శానామంది పిల్లోల్లకు ఊరికే ఆశ పెడ్తారు. ఈ సారు నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పె. లేకుంటే ఆ పియానోనే నమ్ముకోని నేను యాడుందునో!"

మంచం మీద పడుకున్న నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆ సాయంత్రం వాళ్ల ఇంటికి తీసుకుపోయి భోజనం పెట్టింది. కొర్రన్నం, పప్పు. కూతురు గీత పదో తరగతి. అన్నం తింటూ ఆ పిల్ల "సార్, ఈడ కీబోర్డు క్లాసు పెట్నారు. మాయమ్మ పోనీదు. మీరు చెప్పండి" అంది.

ఓబుళమ్మ కసిరింది. "ఎన్నిసార్లు చెప్పల్ల? మన చేతులు దానికి పనికి రావు. పుట్టుకతోనే రావు. కావాలంటే సార్‌నే అడుగు, సార్ ఈడనే ఉండాడు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను చెప్పిన అబద్ధం అక్కడ కూర్చుని రెండో తరంతో అన్నం తింటోంది. ఇంత జరిగినా, ఆ క్షణంలో కూడా నేనేం చేశానో తెలుసా? మజ్జిగ పోయించుకున్నాను. "చదువు ముఖ్యం కదమ్మా" అన్నాను. తినేసి, చెయ్యి కడుక్కుని, కర్నూలు బస్సెక్కాను.

ఇంటికొచ్చాక పదిహేను రోజులు పియానో మూత తీయలేదు. నా భార్యకు మొదటిసారి ఇదంతా చెప్పాను. ఆవిడ "నాకు చెప్తే ఏం లాభం? పత్తికొండ బస్సు పొద్దున ఆరింటికుంది" అంది.

పోయాను. ఆదివారం. ఓబుళమ్మ ఇంట్లోనే ఉంది, కూతురు ట్యూషన్‌కు పోయింది. గడప దగ్గరే చెప్పేశాను, కూర్చుంటే మళ్లీ చెప్పలేనని. గోవిందప్ప ఏమన్నాడో, నేనేం చేశానో, నీ చెయ్యి బరువన్నది ఎంత పచ్చి అబద్ధమో, నా ముప్పై మూడేళ్లలో నీలాంటి చెయ్యి నాకు మళ్లీ దొరకలేదని, అన్నీ.

ఆమె గోడకు ఆనుకుని నిలబడి వింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"హరిత వాళ్ల నాయన అన్నాడని అప్పుడే చెప్పింటే అయిపోయేది గదా సార్."

"చెప్తే నీకు బాధ అనుకున్నా..." అని మొదలుపెట్టి, అదీ అబద్ధమేనని ఆగిపోయాను. "భయపడ్డానమ్మా. నాకు భయం" అన్నాను.

"చెప్పింటే కొట్లాడేదాన్ని. మాయమ్మ వచ్చి కొట్లాడేది. అట్లాంటోళ్లతో కొట్లాడేది మాకేమన్నా కొత్తా సార్? పుట్టినప్పట్నుంచీ అదే పని గదా. మీరు చేతులన్యారు. నా చేతులతో నేను ఎట్ల కొట్లాడల్ల?"

నేను గడప మీదే కూర్చుండిపోయాను. 

ఆమె లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. "గీత పదకొండింటికి వస్తాది. దానికి గూడా చెప్పండి. నాకు చెప్పినట్లే, ఏమీ తగ్గించకుండా. నేను చెప్తే నమ్మదు, ఊరికే దాని మనసు కోసరం అంటాండా అనుకుంటాది" అంది.

రెండు గంటలు ఆ వసారాలో కూర్చున్నాను. ఓబుళమ్మ బట్టలు ఉతికి, కూర తరగడానికి కూర్చుంది.  గీత వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల ముందు నిలబడి, "మీ అమ్మకు నేను అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. తల్లికి చెప్పడం కంటే అది కష్టమైంది. ఆ పిల్ల నన్ను చూడలేదు. కూర తరుగుతున్న తల్లి చేతులనే చూస్తూ వింది. అంతా అయ్యాక ఒకే మాట అడిగింది.

"అయితే మాయమ్మ బాగా వాయించేదా సార్?"

"బాగా వాయించేదమ్మా. హాలంతా దగ్గు మానేసి వింది."

ఓబుళమ్మ కత్తిపీట పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని "రేపట్నుంచి క్లాసుకు పో" అంది కూతురితో.

నేను లేచి చేతులు జోడించాను. "క్షమించమ్మా" అన్నాను.

ఆమె నన్ను నేరుగా చూసింది. "చెప్పేకి మీకు ఇరవై ఏడేండ్లు పట్టె సార్. నాకు గూడా కొంచెం టైమియ్యండి."

అది జరిగి ఏడు నెలలైంది. ఇంకా కబురు రాలేదు.